ఓడను వదిలి, పూచీ పట్టుకుని: పెద్ద దావాల నడక గురించి



తెన్నేటి విశ్వనాథం గారిని తలుచుకునే సభలో మాట్లాడమని పిలిచినందుకు ఎంతో సంతోషించాను. మన విశాఖలో ఆయన పేరు చెప్పగానే సముద్రం ఒడ్డున ఉన్న పార్కు గుర్తొస్తుంది, ఆ వెంటనే 1966 నాటి ఉక్కు ఉద్యమం గుర్తొస్తుంది. ప్రకాశం పంతులు గారి 1953 మంత్రివర్గంలో ఆయన ఆర్థిక మంత్రి. 1967లో విశాఖ ప్రజలు ఆయన్ని లోక్‌సభకు పంపారు. పంతులు గారు పోయాక ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర' చివరి భాగం రాసి పూర్తిచేసింది విశ్వనాథం గారే. ఇన్ని సంగతుల మధ్య ఆయన వృత్తిరీత్యా వకీలన్న మాట మరుగున పడిపోతుంది. ఈ ఊరికి ఉక్కు కావాలని గొంతెత్తినవారిలో ముందువరసలో నిలిచింది ఒక వకీలు. ఆ ఉక్కు వచ్చింది. దానితోపాటు ఎలాంటి తగాదాలు వచ్చాయో, వాటిని మన కోర్టులు ఎలా మోస్తున్నాయో ఈ పూట మాట్లాడుకోవడం ఆయన స్మృతికి తగిన పనే అనుకుంటున్నాను.

చట్టం తెలియనివారు కూడా ఈ సభలో ఉన్నారు కాబట్టి సెక్షన్లు తక్కువ చెబుతాను. లాయర్లు ఓపిక పట్టాలి.

1

పెద్ద దావా అంటే ఏమిటి? సొమ్ము ఎక్కువైనంత మాత్రాన దావా పెద్దది కాదు. పది కోట్ల ప్రామిసరీ నోటు మీద వేసిన దావా నా లెక్కలో చిన్నదే. సంతకం అతనిదా కాదా, డబ్బు ముట్టిందా లేదా, గడువులోపల వేశారా లేదా. ఒక మంచి జడ్జి, ఇద్దరు సిద్ధపడి వచ్చిన వకీళ్ళు ఉంటే రెండు మూడు వాయిదాల్లో తేలిపోతుంది.

పక్షాలు ఎక్కువై, వాళ్ళ ప్రయోజనాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు దావా పెద్దదవుతుంది. ఒకే సంగతి మీద నాలుగు చోట్ల విచారణ నడిచినప్పుడు అవుతుంది. జడ్జికీ వకీలుకీ తెలియని సాంకేతిక విషయం మీద తీర్పు ఆధారపడినప్పుడు అవుతుంది. మన ఊరు అలాంటి దావాలకు పుట్టిల్లు. 1933లో పోర్టు తెరిచారు. 1941లో షిప్‌యార్డుకు పునాది వేశారు. ఆ తర్వాత రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, ఉక్కు వచ్చాయి. వీటి చుట్టూ సరుకు రవాణా, ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవెడోరింగు, కాంట్రాక్టులు, బీమా, కాలుష్యం, భూసేకరణ. మరోపక్క సింహాచలం దేవస్థానానికీ అడవివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం వాసులకూ మధ్య పంచగ్రామాల భూవివాదం. అందులో ఎవరి హక్కు ఎంతో చెప్పడం ఈ వేదిక పని కాదు, చెప్పను కూడా. ఇల్లు కట్టుకున్నవాడు దాన్ని అమ్ముకోలేడు, పిల్ల పెళ్ళికి తాకట్టు పెట్టుకోలేడు. దేవస్థానం తన భూమి తనదని నిశ్చింతగా ఉండలేదు. దశాబ్దాలుగా రెండు పక్షాలూ నష్టపోతున్నాయన్నది మాత్రం తీర్పుతో పనిలేకుండా కనిపించే నిజం.

పెద్ద దావాల్లో త్వరగా నడపడం ఒక వైపు, న్యాయంగా నడపడం మరో వైపు అని మన మనసుల్లో ఒక తూకం ఉంది. త్వరపడితే అన్యాయం జరుగుతుందని భయం. ఇది తప్పుడు తూకమని నా నమ్మకం. ఏ పని ముందు, ఏ పని వెనక అన్న వరస సరిగ్గా ఉంటే వేగమూ న్యాయమూ కలిసే వస్తాయి. వరస తప్పితే రెండూ పోతాయి. పోయినప్పుడు మొదట దెబ్బతినేది చేతిలో డబ్బులేని పక్షమే. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఈ వరస గురించే.

2

ఆ వరసను మనకు ఒక ఓడ నేర్పింది. అది మన రేవులోనే ఆగిన ఓడ. పేరు ఎం.వి. ఎలిజబెత్.

1984 ఫిబ్రవరి 8న ఆ ఓడ గోవాలోని మార్మగోవా రేవు నుంచి సరుకుతో బయలుదేరింది. సరుకు పంపిన గోవా కంపెనీ హర్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ అడిగిన బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు చూపే పత్రం, ఇవ్వకుండానే బయలుదేరింది. కొనుగోలుదారు ధర చెల్లించలేదు కాబట్టి సరుకు అతనికి అప్పగించవద్దని కంపెనీ కబురు పంపినా, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో అప్పగించేసిందన్నది వాది ఆరోపణ. ఓడ విదేశీయులది. యజమాని కంపెనీకి మన దేశంలో ఆఫీసు లేదు, ఆస్తి లేదు. గోవా కంపెనీ ఎవరిని పట్టుకోవాలి? రెండు నెలలు గడిచాక, 1984 ఏప్రిల్ 13న అదే ఓడ విశాఖపట్నం రేవులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వు మీద ఇక్కడ దాన్ని ఆపారు.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఓడ ఆగితే రోజురోజుకూ ఖర్చే: బెర్తు ఛార్జీలు, సిబ్బంది జీతాలు, తర్వాతి సరుకు ఒప్పందాలకు భంగం. ఓడ వెళ్ళిపోతే వాదికి డిక్రీ వచ్చినా అది చిత్తు కాగితమే. ఈ రెండు నష్టాల మధ్య కోర్టు ఏం చేసింది? యజమాని తన ఆక్షేపణను వదులుకోకుండానే 14,25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చాడు. ఓడ వెళ్ళిపోయింది. పూచీ కోర్టు చేతిలో మిగిలింది. అప్పుడు మొదలైంది అసలు వాదన.

యజమాని వేసిన ప్రశ్న చిన్నది కాదు. ఓడల తగాదాలు విచారించే అధికారం మన హైకోర్టులకు ఇంగ్లీషు పార్లమెంటు 1861లో చేసిన చట్టం నుంచి, 1890 నాటి వలస కోర్టుల చట్టం నుంచి సంక్రమించిందే తప్ప స్వతంత్రంగా లేదనీ, ఆ చట్టంలో రేవులోకి తెచ్చిన సరుకు మాటే ఉంది గాని బయటికి తీసుకెళ్ళిన సరుకు మాట లేదనీ వాదించాడు. సింగిల్ జడ్జి కాదన్నారు, డివిజన్ బెంచి కాదంది. సుప్రీంకోర్టులో జస్టిస్ టి.కె. తొమ్మన్, జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ 1992 ఫిబ్రవరి 26న తీర్పు చెబుతూ, మన హైకోర్టులు స్వతంత్ర దేశపు ఉన్నత న్యాయస్థానాలనీ, పాత వలస చట్టం గీసిన గీతల మధ్య ఇరుక్కుని ఉండనక్కరలేదనీ తేల్చారు. విశాఖ రేవులో మొదలైన ఆ దావా దేశమంతటి ఓడల న్యాయానికి పునాది అయింది. అలా వచ్చిన మార్పు చివరికి 2017 అడ్మిరాల్టీ చట్టంగా రూపుకట్టి, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుతో 1840, 1861, 1890 నాటి పాత చట్టాలకు కాలం చెల్లింది.

కోర్టుకు అధికారం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే దాదాపు ఎనిమిదేళ్ళు పట్టింది. ఇది గొప్ప కాదు, బాధ. అయినా ఆ ఎనిమిదేళ్ళూ ఓడ సముద్రం మీద తిరుగుతూనే ఉంది, వాది సొమ్ముకు పూచీ పదిలంగానే ఉంది. వాదన ఎంత సాగినా ఎవరి బతుకూ ఆగలేదు. 2017 చట్టం ఇంకో అడుగు వేసింది. ఓడను ఆపమని అడిగినవాడు కారణం లేకుండా ఆపించినట్టు తేలితే నష్టం తానే కడతానని ముందే హామీ ఇవ్వమని కోర్టు అడగవచ్చు. అంటే పూచీ రెండు వైపులా ఉంటుంది.

ఇప్పుడు మన భూమి దావాల సంగతి చూడండి. వాటిలో మనం దీన్ని తలకిందులు చేస్తాం. దావా పడగానే యథాతథ స్థితి ఉత్తర్వు అడుగుతాం. అది వస్తుంది. ఇక ఇల్లు కట్టకూడదు, అమ్మకూడదు, పంట మార్చకూడదు. మూడో వాయిదాకల్లా తీరవలసిన మధ్యంతర దరఖాస్తు పదేళ్ళు బతుకుతుంది. ఆ పదేళ్ళ అద్దె ఎవరు తింటున్నారు, ఆ లెక్క ఎవరి దగ్గరుంది, ఓడినవాడు దాన్ని ఎలా తిరిగి ఇస్తాడు అని అడిగేవారుండరు. ఓడను కట్టేసి పూచీని వదిలేశాం అన్నమాట. అద్దెను కోర్టులో జమ చేయించవచ్చు. ఆస్తిని చూసుకునే రిసీవరును వేయవచ్చు. కట్టడం ఓడినవాడి ఖర్చు మీదే కూలుతుందన్న షరతుతో పని సాగనివ్వవచ్చు. ఇవన్నీ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎప్పటినుంచో ఉన్నవే. అడగని తప్పు మన వకీళ్ళది.

3

పూచీ తీసుకున్న తర్వాత రెండో పని: తగాదా దేని మీదో తేల్చుకోవడం. ఇది వినడానికి తేలికగా ఉంటుంది. మన జవాబు దావాలు చదివినవారికి అది ఎంత కష్టమో తెలుసు. వాది చెప్పిన ప్రతి వాక్యాన్నీ కాదనడమే జవాబు దావా అని మన జూనియర్లకు మనమే నేర్పుతున్నాం. ఓడ పేరు కూడా కాదంటాం. అప్పుడు ఓడ పేరు రుజువు చేయడానికి కూడా ఒక సాక్షి రావాలి.

ఈ జబ్బుకు మందు రాసినవారిలో మన తెలుగువారొకరున్నారు. సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు వేసిన కమిటీకి జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు అధ్యక్షత వహించారు. కేసులన్నిటినీ ఒకే బండి వెనక కట్టకుండా, స్వభావాన్ని బట్టి వేర్వేరు దారుల్లో పెట్టి, ఒక్కో దారికి ఒక్కో కాలపట్టిక ఉండాలని ఆ కమిటీ నమూనా నియమాలు తయారుచేసింది. 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ నివేదికను హైకోర్టుల ముందు పెట్టింది. దావా నడిపే బాధ్యత పక్షాలది మాత్రమే కాదు, జడ్జిది కూడా అన్న భావం అందులో ఉంది. ఇంగ్లండులో లార్డ్ వుల్ఫ్ నివేదిక మీద 1999లో వచ్చిన కొత్త నియమాలదీ అదే భావం.

2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం ఆ భావానికి కోరలు పెట్టింది. జవాబు దావాకు 120 రోజులు దాటితే హక్కే పోతుంది. ఒప్పుకునే పత్రాలేవో, కాదనేవేవో, ఎందుకు కాదంటున్నారో అఫిడవిట్ మీద చెప్పాలి. ఆ తర్వాత నాలుగు వారాల్లోపు జడ్జి ముందు కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్ జరగాలి. అక్కడ తేలవలసిన ప్రశ్నలు (ఇష్యూలు), సాక్షుల వరస, తేదీలు నిర్ణయమవుతాయి. ఆ రోజు నుంచి ఆరు నెలల్లో వాదనలు ముగియాలి. విశాఖపట్నంలో ఇందుకు ప్రత్యేక కోర్టు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కోర్టు ఉన్న కొద్ది ఊళ్ళలో మనదొకటి.

2018 సవరణతో ఈ చట్టం కిందికి వచ్చే దావా విలువను కోటి రూపాయల నుంచి మూడు లక్షలకు దించారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పెద్ద దావాల కోసం కట్టిన ఇంట్లోకి చిన్న దావాలన్నీ వచ్చి చేరాయి. మూడు లక్షల సరుకు బాకీకీ, ముప్ఫై మంది సాక్షులున్న పోర్టు కాంట్రాక్టుకూ ఒకే పట్టిక వేస్తే జగన్నాధరావు గారు వద్దన్న పని మళ్ళీ చేసినట్టే. జడ్జి సమయం అన్ని కేసులకూ సమానంగా పంచడం సమానత్వం కాదు. నోటు దావాకు పావుగంట చాలు. కాంట్రాక్టు దావా మొదటి హియరింగుకు ఒక పూటంతా కేటాయించాలి. ఆ పూట ఖర్చుపెడితే తర్వాత ఎన్నో వాయిదాలు మిగులుతాయి.

ఆ పూట ఏం జరగాలి? ఇరుపక్షాల వకీళ్ళూ ఒకే కాగితం మీద మూడు విషయాలు రాసి తేవాలి: మేమిద్దరం ఒప్పుకునేవి, ఒప్పుకోనివి, ఒప్పుకోనివాటిలో ఏ ఒక్కటి తేలితే మిగతావి వాటంతటవే తేలిపోతాయో అది. ఈ మూడోది చాలా ముఖ్యం. దాన్ని ముందుగా విచారిస్తే సగం దావాలు అక్కడే రాజీకి వస్తాయి. కక్షిదారుకు అర్థమయ్యేలా ఆ కాగితం తెలుగులో కూడా ఉండాలని నా పట్టుదల. తన దావాలో తగాదా దేని మీదో తనకు తెలియని మనిషి రాజీకి ఎలా వస్తాడు? వస్తే భయంతో వస్తాడు.

4

మూడో పని: ఒకే సంగతి మీద నాలుగు చోట్ల విచారణ నడిచినా సాక్ష్యాన్ని ఉమ్మడి చేయడం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలో 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కేసు స్వయంగా చేపట్టి, కంపెనీ 50 కోట్లు జిల్లా కలెక్టరు దగ్గర జమ చేయాలంది. తప్పెవరిదో తేలకముందే పూచీ. ఎలిజబెత్ ఓడ విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది, ఈసారి ప్రాణాల విషయంలో. ఆ ఉత్తర్వును మెచ్చుకోవాలి.

కానీ తర్వాత ఏమైంది? ట్రిబ్యునల్ జస్టిస్ బి. శేషశయనారెడ్డి గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. రాష్ట్ర ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతన హైపవర్ కమిటీ వేసింది. హైకోర్టు తానుగా వ్యాజ్యం చేపట్టింది. సుప్రీంకోర్టుకు కంపెనీ వెళ్ళింది. పోలీసు కేసు వేరు. ఒక్కో సంస్థ ఉద్దేశం సరైనదే. అదే ట్యాంకు, అదే ఉష్ణోగ్రత రికార్డులు, అదే సిబ్బంది. వాటిని ఎన్నిసార్లు, ఎంతమంది పరిశీలించాలి? ఊపిరితిత్తుల బాధతో ఉన్న మనిషి తన కథ ఎన్ని చోట్ల చెప్పాలి?

ఇందుకు అమెరికాలో 1960ల నాటి అనుభవం ఒకటి పనికొస్తుంది. విద్యుత్ పరికరాల కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచాయని 33 జిల్లా కోర్టుల్లో 1,800కు పైగా దావాలు పడ్డాయి. అప్పుడు ఆ జడ్జీలే కలిసి కూర్చుని, ఒక సాక్షిని దేశమంతటికీ ఒకేసారి విచారించే ఏర్పాటు చేసుకున్నారు. ఆ అనుభవం మీద 1968లో చట్టం వచ్చింది. ఆ జడ్జీల ఏర్పాటులో కేసులు ఎవరి కోర్టులో వారివే, సాక్ష్యం మాత్రం ఉమ్మడి. మన దగ్గర హైకోర్టులు, ట్రిబ్యునళ్ళు వేర్వేరు చట్టాల కింద నడుస్తాయి కాబట్టి దాన్ని యథాతథంగా తేలేం. కానీ ఒక ప్రమాదం జరిగిన వారంలోపల హైకోర్టు ఒకే సాంకేతిక నిపుణుల బృందాన్ని వేసి, దాని నివేదికే అన్ని చోట్లా మొదటి ఆధారంగా ఉండాలని, ఆక్షేపించదలచినవారు ఆ నిపుణులనే క్రాస్ చేసుకోవాలని ఆదేశించడానికి ఏ చట్టమూ అడ్డురాదని నా అభిప్రాయం. వైద్య రికార్డుల విషయంలో ఇది ఇంకా అవసరం. కేజీహెచ్ ఆసుపత్రిలో రాసిన కేసు షీటు నష్టపరిహారం దాకా అదే కాగితంగా ప్రయాణించాలి. ప్రతి మెట్టు దగ్గరా బాధితుడే దాన్ని మళ్ళీ రుజువు చేసుకోవలసిన గతి పట్టకూడదు.

5

ఇక కోర్టుకు రాలేనివాళ్ళ మాట. నా మనసు ఎక్కువగా లాగేది ఇక్కడికే.

ఉక్కు కర్మాగారానికి గాజువాక, పెదగంట్యాడ వైపు గ్రామాలవాళ్ళు భూములిచ్చారు. నిర్వాసితులకు పునరావాసం కోసం ఆర్ కార్డులిచ్చారు. అప్పట్లో అమల్లో ఉన్న 1894 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం చాలదనుకున్న రైతు సెక్షన్ 18 కింద రెఫరెన్సు అడిగి సివిల్ కోర్టుకు వచ్చే వీలుండేది. వకీలును పెట్టుకోగలిగినవాడు వచ్చేవాడు. అతనికి రేటు పెరిగేది. గట్టు అవతల అదే నేల ఉన్నవాడు చదువు లేక వచ్చేవాడు కాదు. అతనికి పాత రేటే. 1984లో పార్లమెంటు సెక్షన్ 28-ఎ చేర్చి, ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయినవారిలో ఒకరికి కోర్టు ఎక్కువ ఇస్తే మిగతావారు కూడా మూడు నెలల్లోపు అదే అడగవచ్చంది. కోర్టు మెట్లెక్కని మనిషి గురించి మన సివిల్ చట్టం ఆలోచించిన అరుదైన చోటు ఇది. కానీ పక్కవాడికి అవార్డు వచ్చిందని ఇతనికి ఎవరు చెప్పేవారు? అవార్డు వచ్చిన నాటి నుంచే గడువు నడిచేది. అలాంటి తీర్పు నకలు పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించడం కూడా కోర్టు పనిలో భాగమే అని నేనంటాను.

ఎక్కువ మంది తరఫున కొద్దిమంది దావా నడిపేందుకు కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 8 ఉంది. దాని కింద నడిచే దావాను కోర్టు అనుమతి లేకుండా, సంబంధం ఉన్నవారికి నోటీసివ్వకుండా రాజీ చేసుకోకూడదని 1976 సవరణ ఆర్డర్ 23లో రూల్ 3-బి చేర్చింది. ఈ రెండో నియమాన్ని మనవాళ్ళు చాలామంది మరచిపోయారు. అది ఎందుకు కావాలో భోపాల్ గ్యాస్ కేసు చెబుతుంది. 1985 చట్టంతో కేంద్రం బాధితులందరి తరఫునా తానే నిలబడింది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. కుదిరే ముందు తమను ఒక్క మాట అడగలేదన్నది బాధితుల ఆవేదన. 1991లో సుప్రీంకోర్టు ఆ ఆక్షేపణ విన్నది, ఒప్పందాన్ని మాత్రం నిలబెట్టింది. 2023లో క్యూరేటివ్ పిటిషన్ కొట్టేసేదాకా ఆ తగాదా తెగలేదు. వేగం కోసం వినడాన్ని పక్కనపెడితే ఆ వేగం కూడా మిగలదని అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. మన జిల్లాలో నష్టపరిహారం రాజీలు జరిగినప్పుడల్లా ఊళ్ళోనే, తెలుగులో, ఒక జడ్జి కూర్చుని వినాలి. కోర్టు హాలుకు అందరూ రాలేరు.

6

చివరి మెట్టు డిక్రీ అమలు. మన వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి: దావా గెలవడం ఒక ఎత్తు, అమలు దరఖాస్తు (ఈపీ) వేసి సొమ్ము రాబట్టుకోవడం ఇంకో ఎత్తు. రాహుల్ ఎస్. షా కేసులో 2021 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలంది. అందులో నాకు ఇంకా విలువైనదిగా తోచింది మరొకటి. ఆస్తి మీద ఇంకెవరికి హక్కుందో, అది ఎవరి స్వాధీనంలో ఉందో దావా మొదట్లోనే పక్షాలను అడగాలనీ, అవసరమైతే కమిషనర్‌ను పంపి ఆస్తి వివరాలు రాయించాలనీ ఆ తీర్పు చెప్పింది. అంటే అమలు గురించిన ఆలోచన మొదటి రోజునే మొదలవ్వాలి. ఓడ దగ్గర బ్యాంకు గ్యారంటీ మొదట్లోనే తీసుకున్నది ఇందుకే కదా.

అందుకని బార్ మిత్రులకు ఒక విన్నపం. మన వాణిజ్య కోర్టులో వేసే ప్రతి పెద్ద దావాకూ మొదటి హియరింగు కోసం ఒక్క పేజీ పత్రం తప్పనిసరి చేయమని జిల్లా జడ్జి గారికి మనమే వినతిపత్రం ఇద్దాం. అందులో అయిదు గడులు చాలు: ఎవరు ఎవరికి ఏ పూచీ ఇచ్చారు, ఒప్పుకున్నవేవి, ముందుగా తేలవలసిన ఒక్క ప్రశ్న ఏది, ఇదే సంగతి మీద ఇంకెక్కడ కేసు నడుస్తోంది, కోర్టుకు రాకుండా ఈ తీర్పుతో బతుకు మారేవాళ్ళెవరు. తెలుగులో ఒక నమూనా రాసి తెచ్చాను. బయట బల్ల మీద కాపీలున్నాయి. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి, ఎర్ర సిరాతో దిద్దండి, వచ్చే సోమవారం కోర్టుకొచ్చినప్పుడు నాకు ఇవ్వండి.